కర్బలా వైపు మొహం

ఏటా యాత్రకు అందరూ నజఫ్ నుంచి పుణ్యక్షేత్రమైన కర్బలాకు నడిచివెళ్లి బస్సులో తిరిగొస్తారు. నజఫ్‌లో బట్టల కొట్టున్న హాజీ శన్షూల్‌కు మాత్రం రానూ పోనూ నడకే. దారి పొడవునా యాత్రికులకు ఉచితంగా వండిపెట్టే గుడారాలుండగా బస్సు టిక్కెట్టు దండగ కదా! కాకపోతే అక్కడ చేతులు పట్టుకుని బతిమాలి తినిపించేది కర్బలాకు పోయేవాళ్లకే. అందుకని వచ్చేటప్పుడు గుడారం కనబడగానే హాజీ దాన్ని దాటిపోయి, గిరుక్కున తిరిగి, కర్బలా వైపు మొహం పెట్టి కుంటుకుంటూ వస్తాడు.

ఆ రోజు గుడారం యజమాని అబూ మైసమ్ అన్నం పెట్టి, కాళ్లు పిసకబోయి ఆగాడు. మడమకున్న కట్టు మొన్న తను కట్టిందే.

“ఎక్కడికి హాజీ?”

“ఇంకెక్కడికి నాయనా, కర్బలాకే!”

“ఈ కాళ్లతో ఒక్కడివే ఎలా పోతావు? పద, నేనూ వస్తా.”

భుజం మీద వేసిన చెయ్యి కర్బలా దాకా తియ్యలేదు. ఆ ఏడు శన్షూల్‌కు రెండు యాత్రల పుణ్యం దక్కింది, పాపం.