కాలిన మచ్చల పుస్తకం

ఈ పూట నా బల్ల మీద రెండు హామ్ రేడియో పుస్తకాలున్నాయి. ఒకటి మా మేనకోడలు తెచ్చింది, పేజీలు తిప్పితే కొత్త నోట్లలా ఫెళఫెళలాడుతుంది. రెండోది నాది. అట్ట ఎప్పుడో ఊడింది, పేజీల నిండా నూనె, ముక్కు దగ్గర పెడితే ఆవపిండీ, కాలిన సోల్డరింగ్ పేస్టూ కలిసిన వాసన. "అత్తా, ఆ చెత్త ఇంక పారెయ్. కొత్తదాని మీద మాత్రం ఒక్క మరక పడనివ్వకు" అని ఆర్డరేసి అది వంటింట్లోకి వెళ్ళింది. ఆర్డర్లంటే నాకు చిన్నప్పటినుంచీ పడదు.

బడికీ నాకూ ఎనిమిదో తరగతిలో చెడింది. ఎవరు ఎవర్ని వదిలేశారన్నది ఇప్పటికీ తేలలేదు. ఆ తర్వాత తిరువూరులో మా నాన్న కిరాణా కొట్లో పొట్లాలు కట్టడం నా ఉద్యోగం. ఎండాకాలం వచ్చిందంటే రెడ్డిగూడెం తోటల మామిడికాయలు బస్తాల్లో దిగేవి, వీధంతా జీడి వాసన, ప్రతి ఇంట్లో రోకలి చప్పుడు, కారం ఘాటుకి కొట్టు ముందు నిలబడ్డవాళ్ళంతా వంతులేసుకుని తుమ్మేవాళ్ళు.

బస్టాండు ఎదుట రేడియోలు బాగుచేసే సాంబయ్య మావయ్య, మా అమ్మకి అన్న, సొంతంగా సెట్టు కట్టుకుని ఎక్కడెక్కడివాళ్ళతోనో మాట్లాడేవాడు. "పరీక్ష పాసై లైసెన్సు తెచ్చుకుంటే నువ్వూ మాట్లాడొచ్చే. బడి సర్టిఫికెట్టు ఎవడూ అడగడు" అన్నాడు. ఆ చివరి మాట నన్ను పట్టేసింది. నేను పాసవగల పరీక్ష ఈ లోకంలో ఒకటుందన్నమాట!

బెల్లానికి వచ్చిన లెక్కల మాస్టారు విని నవ్వారు. "ఎనిమిది గట్టెక్కనిదానివి, గాల్లో మాట్లాడతావటే?"

"మీ క్లాసులో మాట్లాడిందంతా గాల్లోకే పోయిందిగా మాస్టారూ, అలవాటే!" అన్నాను. నాన్న దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు.

ఆ వారమే పొట్లాల కోసం కొన్న పాత కాగితాల కట్టలో రెండు రేడియో పుస్తకాలు దొరికాయి. "ఒకటి తీసుకో. రెండోది చింపాల్సిందే, ఆవాల సీజను" అన్నాడు నాన్న. బంగారు అక్షరాల లావు పుస్తకం తీసుకున్నాను, మాస్టారి కళ్ళు చెదరాలని. మచ్చలున్న పలచటిది చేజేతులా చింపి ఆవాలు కట్టాను.

నాలుగోనాడు మావయ్య తువ్వాలులో ఆవాలు, చేతిలో పొట్లం కాగితం పట్టుకుని ఊగిపోతూ వచ్చాడు. "ఎవరే దీన్ని చింపింది?"

"నేనే."

"ఈ కాలిన మచ్చలు కనపళ్ళేదటే పిచ్చిమొహమా? ఇవి వైర్లు అతికేటప్పుడు పడ్డ సోల్డరు చుక్కలే! ఎవడో దీన్ని ముందు పెట్టుకుని సెట్టు కట్టాడు. పనిచేసిన పుస్తకాన్ని చింపి, పడుకున్నదాన్ని దాచావు."

ఆవాలు ఎవరెవరు కొన్నారో నాకు కంఠతా వచ్చు. పాత పేపర్లు చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, కాగితానికి కాగితం మార్పిడి చేశాను. వెనక వీధి మామ్మ ఒక పేజీని ఆవకాయ జాడీ మూత కింద పరిచింది. "మూడోనాడు తిరగ కలిపేదాకా మూత తియ్యనే. నీ రేడియో కోసం నా ఆవకాయకి బూజు పట్టించుకోమంటావా?" అంది. మూడోనాడు తెల్లారేసరికి వాళ్ళ గుమ్మంలో కూచున్నాను. పేజీ వచ్చింది, నూనెతో సహా. దాంతోపాటు వేడన్నంలో కొత్తావకాయ ముద్ద కూడా.

రెండు పేజీలు మాత్రం పెనుగొలను బస్సెక్కి పోయాయి, దొరకలేదు. మావయ్య సెట్టు విప్పి చూసి, ఆ బొమ్మలు నేనే గీసి, పేజీలన్నీ కలిపి కుట్టాను. లావు పుస్తకం తలకింద పెట్టుకుని, ఈ కుట్టిన పుస్తకాన్నే చదివి పరీక్ష పాసయ్యాను. లైసెన్సుకి ఫ్రేము కట్టించి బెల్లం డబ్బా పైన తగిలించాను. మాస్టారు బెల్లం ఎక్కడ కొంటారో నాకు తెలియదా?

ఇప్పుడు మావయ్య లేడు. ఆయన కొట్లో ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. పొట్లాలు పోయి ప్లాస్టిక్ ప్యాకెట్లొచ్చాయి. వాటి మీద చదవడానికి ధర తప్ప ఏమీ ఉండదు. ఏ పుస్తకం కొనాలని కొత్తవాళ్ళు అడిగితే మచ్చలున్నది కొనమంటాను, నవ్వుతారు. నవ్వనీ.

కొత్త పుస్తకం తెరిచి, సోల్డరింగ్ ఐరన్ వేడిచేసి, మొదటి బొమ్మ చూస్తూ వైరు అతికించాను. ఒక చుక్క జారి పేజీ మీద పడింది. జారనిచ్చాను.

"అత్తా, ఏంటా కాలిన వాసన?" వంటింట్లోంచి కేక.

"పుస్తకం చదువుతున్నానే!"