తప్పుగారి పసుపు కాగితాలు

లోకంలో ఎక్కడ ఏ తప్పు జరిగినా అది తనదేనని ఒప్పుకోవడం ఆయన అలవాటు. వేరే అలవాట్లేవీ లేవు. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాళ్ళని మనం చూశాం. ఈయన దొంగతనం జరగకముందే భుజాలు తడుముకుని, పక్కవాడి భుజం కూడా దులిపి, "ఆ కాయ తీసింది నేనేనండీ" అనే రకం.

తల్లిదండ్రులు ఏదో ఒక పేరు పెట్టే ఉంటారు. ఆ పరాయి దేశంలో ఉన్న మన భాషవాళ్ళం నలుగురం మాత్రం ఆయన్ని తప్పుగారు అనేవాళ్ళం. ఆ పేరు పెట్టింది నేనే. సంగతి తెలిశాక ఆయన నా దగ్గరికి వచ్చి, "నీకు పేరు పెట్టే శ్రమ కలిగించాను. తప్పు నాదే తమ్ముడూ" అన్నారు.

ఒకసారి ఆయన ఫుట్‌పాత్ మీద నిలబడి ఉండగా ఒక సైకిలు వచ్చి గుద్దింది. పడ్డచోటి నుంచే, "తప్పు నాదేనండి" అన్నారు. మన దగ్గర అది మర్యాద. అక్కడ అది వాంగ్మూలం. పోలీసు వచ్చి రాసుకున్నాడు. నేను పని మానుకుని స్టేషనుకి వెళ్ళాల్సి వచ్చింది.

"నిలబడి ఉన్న మనిషి కదిలే సైకిలుని ఎలా గుద్దుతాడండీ?" అని అడిగాను.

"ఆయనే ఒప్పుకున్నాడు కదా" అన్నాడు పోలీసు.

గంటన్నర వాదించాక పోలీసు ఆ కాగితం చింపేశాడు. తప్పుగారు నా వైపు తిరిగి, ఆ దేశపు భాషలోనే, "నీ పూటంతా పాడు చేశాను. తప్పు నాదే" అన్నారు. పోలీసు మళ్ళీ కలం తీసి, "ఏ తప్పు?" అన్నాడు.

ఆయన మా పై అంతస్తులో ఒంటరిగా ఉండేవారు. ఆదివారాలు మా ఇంట్లోనే భోజనం. అక్కడా ఒక వింత ఉండేది. మా గుమ్మంలో కాళ్ళు తుడుచుకోవడానికి ఒక ఎర్ర గుడ్డ మడిచి వేసి ఉంచేవాళ్ళం. ఆయన దాన్ని తొక్కేవారు కాదు. వానలో తడిసొచ్చినా సరే, ఒక్క అంగలో దాటి, తడికాళ్ళతో లోపలికి వచ్చేవారు.

"కాళ్ళు తుడుచుకుని రావచ్చుగా అన్నయ్యగారూ? అదక్కడ ఉన్నది అందుకేగా" అనేది మా ఆవిడ.

"నిజమేనమ్మా, తప్పు నాదే" అని, జేబురుమాలు తీసి వంగి నేల తుడిచేవారు.

ఆయన వెళ్ళాక నాకు పాఠం మొదలయ్యేది. "పెళ్ళయి ఎనిమిదేళ్ళయింది. మీ నోట ఒక్కసారైనా ఆ మాట విన్నానా?"

"నేను తప్పు చేస్తేగా."

"ఆయన మాత్రం చేస్తున్నారా?"

నాకు మిగిలింది కడుపుమంట. అది ఆ ఆదివారాల్లో పుట్టి, మిగతా ఆరు రోజులూ పనిలో పెరిగింది.

మా పని పెద్ద లాండ్రీలో. హోటళ్ళవీ ఆసుపత్రులవీ కలిపి రోజుకి నాలుగువేల దుప్పట్లు వచ్చేవి. ఉతికే మెషీన్లు ఒక్కొక్కటీ చిన్న గదంత ఉండేవి. మూడో నంబరు మెషీన్ దగ్గర నేనూ ఆయనా. నాకంటే రెండేళ్ళ ముందు చేరారు, వయసులో పదేళ్ళు పెద్ద.

ఆ లాండ్రీలో పసుపు కాగితం అని ఒకటుండేది. ఎవరి వల్ల ఏ పొరపాటు జరిగినా వాళ్ళే దాని మీద రాసివ్వాలి. నాలుగు గళ్ళు. ఏం జరిగింది, ఎప్పుడు, ఎందుకు, మళ్ళీ జరగకుండా ఏం చేయాలి. నేను చేరేముందు మనవాళ్ళలో ఇద్దర్ని మూడు నెలల పరీక్షా కాలంలోనే ఇంటికి పంపేశారు. పసుపు కాగితం రాసినందుకేనని మనవాళ్ళలో గుసగుస. నిజానికి వాళ్ళు రోజూ గంట ఆలస్యంగా వచ్చేవారట. అది చాలా కాలానికిగాని తెలీలేదు. ఈలోగా నేను ఒక్క కాగితమూ రాయకుండా ఆరేళ్ళు గడిపాను.

తప్పుగారు అరవై ఒకటి రాశారు.

ఏం రాసేవారో చెబితే నమ్మరు. ఒకావిడకి ట్రాలీ తగిలితే, "ఆ సమయంలో తలుపు నేను పట్టుకుని ఉండాల్సింది" అని రాశారు. ఆ తలుపుకీ ఆయనకీ మధ్య రెండు గదులున్నాయి. ఇస్త్రీ రోలరు ఆగిపోతే, "ఆగే ముందు దాని వైపు చూశాను" అని రాశారు. మన దగ్గరైతే నవ్వి అవతల పారేస్తారు. మా మేనేజరమ్మ ప్రతి మాటా నిజమనుకునే మనిషి. తలుపుకి ఒక కొక్కెం పెట్టించింది. రోలరు విప్పించి చూస్తే లోపల తీగ ఊడి ఉంది. ప్రతి నెలాఖరున అందర్నీ నిలబెట్టి, ఈయన కాగితాలు చదివి వినిపించి, చప్పట్లు కొట్టించేది. నేనూ కొట్టేవాణ్ణి. చేతులు కలిసేవి గాని చప్పుడు వచ్చేది కాదు.

ఇలా ఉండగా సినిమా వచ్చిపడింది.

పెద్దాఫీసువాళ్ళు ఒక ఇరవై నిమిషాల సినిమా తీయిస్తారట. వేరే దేశాల నుంచి పనికి వచ్చినవాళ్ళు మొదటి రోజుల్లో పడే తికమకల మీద, సరదాగా, నవ్వించేలా. అందులో ముఖ్య వేషం వేసినవాళ్ళకే కొత్తవాళ్ళకి పని నేర్పే ఉద్యోగం ఇస్తారు. వీధి వైపు కిటికీ ఉన్న సొంత గది, కూర్చోవడానికి కుర్చీ. ఆరేళ్ళుగా నిలబడ్డ మనిషికి కుర్చీ అంటే ఏమిటో నన్నడగండి. మచ్చ లేని ఫైలు నా ఒక్కడిదే. ఇంటికి వెళ్ళి మా ఆవిడకి చెప్పాను. ఆవిడ ఫోనులో వాళ్ళమ్మకి చెప్పింది. మా అత్తగారు మిగతా ప్రపంచానికి చెప్పారు.

సినిమా తీసే అమ్మాయి కెమెరా మెడలో వేసుకుని వచ్చి, మమ్మల్ని ఒక్కొక్కర్నే కూర్చోబెట్టి మాట్లాడించింది.

"మీ ఫైలు ఖాళీగా ఉందేమిటి?" అని అడిగింది నన్ను.

"ఆరేళ్ళలో ఒక్క తప్పూ చేయలేదండి."

ఆ అమ్మాయి మేనేజరమ్మ వైపు చూసింది. మేనేజరమ్మ పైకప్పు వైపు చూసింది.

"ఈయన చాలా బాగుంటాడు" అంది ఆ అమ్మాయి. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "తప్పు దాచే స్నేహితుడి వేషానికి."

ముఖ్య వేషం ఎవరికని వేరే చెప్పాలా. ఆయన్ని పిలిచి చెబితే, "నాకు నటన రాదండి. ముందే చెప్పి ఉండాల్సింది. తప్పు నాదే" అన్నారు. "ఇంతే. కెమెరా ముందు కూడా ఇలాగే అనండి" అంది ఆ అమ్మాయి. ఆయన రాసిన తప్పుల్లో దేని మీద సినిమా నడపాలో ఫైలు చూసి నిర్ణయిస్తానంది.

ఇంటికి వెళ్ళి సంగతి చెప్పాను.

"మీకూ వేషం దొరికిందిగా" అంది మా ఆవిడ.

"దొంగ వేషం."

"నప్పుతుందనే ఇచ్చుంటారు."

ఆ మాట నన్ను నిలవనివ్వలేదు. మర్నాడు భోజనాల వేళ అందరూ బయట ఎండలో కూర్చుని ఉంటే, నేను ఫైళ్ళ అల్మరా దగ్గరికి వెళ్ళాను. పసుపు కాగితాలు ఎవరైనా చదువుకోవచ్చు, తాళం ఉండదు. అంటుకుంటాయేమోనని ఆరేళ్ళూ నేనే ముట్టుకోలేదు. నా ఆలోచన ఇది. ఈ మనిషి చేయని తప్పులు ఒప్పుకుంటాడని అందరికీ తెలుసు. తాను లేని రోజున జరిగినదాన్ని కూడా ఎప్పుడో ఒప్పుకునే ఉంటాడు. అలాంటిది ఒక్కటి దొరికితే చాలు. "మీ హీరో అబద్ధాలు రాశాడు, చూసుకోండి" అని మేనేజరమ్మ బల్ల మీద పెడతాను. కుర్చీ నాది.

పై నుంచి అరవై కాగితాలు తిరగేశాను. అన్ని రోజులూ పనిలో ఉన్నారు. ఈయన అసలు సెలవే పెట్టడా అనిపించింది. అడుగున ఒక్కటి మిగిలింది, ఆయన రాసిన మొట్టమొదటిది. తేదీ చూశాను. ఆ రోజు నాకు బాగా గుర్తు. ఆయన పన్ను పీకించుకోవడానికి సెలవు పెట్టారు. సాయంత్రం మా ఇంటికి నోట్లో దూదితో వచ్చారు.

"దొరికారు" అనుకున్నాను. తర్వాత చదివాను.

ఏం జరిగింది: తెల్ల దుప్పట్లతో ఒక ఎర్ర తువ్వాలు మెషీన్‌లో వేశాను. ఎప్పుడు: పదకొండున్నర. ఎందుకు: మూట విప్పి చూసుకోలేదు. మళ్ళీ జరగకుండా ఏం చేయాలి: కొత్త మనిషి ఉండగా ఇక సెలవు పెట్టను.

ఆ కొత్త మనిషిని నేను. చేరి రెండో నెల. ఒంటరిగా మెషీన్ నడిపిన మొదటి రోజు. ఏదో హోటలు ఈతకొలను తువ్వాలు మూటలో ఇరుక్కుని వచ్చింది. తలుపు తీస్తే రెండువందల దుప్పట్లు లేత గులాబీ రంగులో ఉన్నాయి. చూడ్డానికి బాగానే ఉన్నాయి గాని, ఆసుపత్రివి. తువ్వాలుని చొక్కా లోపల దోపుకుని ఇంటికి పోతే, "పొద్దున్న లేని పొట్ట సాయంత్రానికి ఎలా వచ్చింది?" అంది మా ఆవిడ. ఏడాది పెట్టె అడుగున దాచాను. తర్వాత ఆవిడ దాన్ని తీసి గుమ్మంలో వేసింది. ఎవరూ నన్ను అడగలేదు. అది నా తెలివే అనుకున్నాను.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. ఆ వారమే ఆయన గదికి వెళ్తే పెట్టె సర్దుకుంటున్నారు. ఊరికి వెళ్తున్నారా అని అడిగాను. "లేదు తమ్ముడూ, దుమ్ము దులుపుతున్నాను" అన్నారు. పసుపు కాగితం రాస్తే ఇంటికి పంపేస్తారని అప్పట్లో ఆయన కూడా నమ్మేవారు. పంపలేదు సరికదా, నిజాయితీపరుడని చప్పట్లు కొట్టారు. ఆ ధైర్యంతోనే మిగతా అరవై రాశారు. సెలవు మాత్రం ఆ తర్వాత పెట్టలేదు. ఇంకో రెండు పళ్ళు ఆదివారాల్లోనే పీకించుకున్నారు.

కాగితం ఎక్కడిదక్కడ పెట్టేశాను. బల్ల మీద పెడితే అబద్ధం ఆయనదే, తువ్వాలు నాది.

ఆదివారం ఆయన మామూలుగానే ఎర్ర గుడ్డ దాటి లోపలికి వచ్చారు.

"అన్నయ్యా, దాన్ని ఎందుకు తొక్కరు మీరు?" అని అడిగాను.

ఆయన ఇబ్బందిగా కదిలారు. "హోటలు సొత్తు కదా తమ్ముడూ. మూలన నంబరు కూడా ఉంది."

"ఇన్నేళ్ళుగా తెలిసి ఒక్క మాటా అడగలేదేం?"

"నువ్వే చెబుతావని ఆగుదామనుకున్నాను. ఆ రోజు నీ చొక్కా కింద ఎర్ర అంచూ, నీ ముఖమూ చూసి ఆగలేకపోయాను, తొందరపడి రాసేశాను. తప్పు నాదే."

నాకు కోపం వచ్చింది. "అన్నయ్యా, ఇది నాది. అరవై ఒకటి రాసుకున్నారు. ఇదొక్కటి నాకు వదిలేయండి."

ఆయన బేరానికి దిగారు. "సగం సగం చేసుకుందామా?"

"అన్నయ్యగారూ, అన్నం చల్లారిపోతోంది" అంది మా ఆవిడ. తర్వాత ఆ గుడ్డ తీసి ఉతికి ఆరేసింది.

సోమవారం నా మొదటి పసుపు కాగితం రాసి, తువ్వాలుతో సహా మేనేజరమ్మకి ఇచ్చాను. ఆవిడ చదివింది. సొరుగు తెరిచి, ఆరేళ్ళ నాటి సెలవు చీటీ తీసి పక్కన పెట్టింది.

"పన్ను పీకించుకుంటున్న మనిషి తువ్వాలు ఎలా వేశాడా అని అప్పటి నుంచీ ఆలోచిస్తున్నాను" అంది. "నీ కాగితం కోసం చూస్తున్నాను."

"క్షమించండి."

"క్షమించడానికేముంది, గళ్ళన్నీ సరిగ్గానే నింపావు. కానీ ఇది ఆరేళ్ళు ఆలస్యంగా వచ్చింది. ఆ ఆలస్యానికి ఇంకోటి రాయి."

అలా ఒక్కపూటలో నాకు రెండయ్యాయి. నెలాఖరున నాకూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా తప్పుగారు కొట్టి, గట్టిగా కొట్టి పక్కావిడని ఉలిక్కిపడేలా చేసినందుకు వెంటనే ఒక కాగితం రాశారు.

సినిమా ఆ తువ్వాలు మీదే తీశారు. అందులో మా తువ్వాలే నటించింది. కిటికీ ఉన్న గదీ కుర్చీ ఆయనవే అయ్యాయి. మా అత్తగారికి ఏం చెప్పాలో మా ఆవిడ చూసుకుంది. ఇప్పుడు కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ మొదటి రోజున ఆ సినిమా వేస్తారు. చొక్కాలో తువ్వాలు దోపుకుని పొట్ట పట్టుకుని నడిచే మనిషిని చూసి విరగబడి నవ్వుతారు. తర్వాత నా దగ్గరికి వచ్చి, "మీరేగా? చాలా సహజంగా చేశారండీ" అంటారు. వాళ్ళకి ఆటోగ్రాఫ్ ఇచ్చేది మాత్రం ఆయన.

కడుపుమంట పూర్తిగా చల్లారిందని చెప్పను. చేసింది నేను, పేరు ఆయనకి. ఎవరికైనా ఉంటుంది.

అయితే మొన్న ఒకటి జరిగింది. ఇరుకు నడవాలో ఇద్దరం ఎదురుపడ్డాం. పక్కకి తప్పుకోబోయి ఆయన కాలు తొక్కాను. ఆయన నోరు తెరిచారు. ఆ మాట బయటికొచ్చేలోపు నేనే, "తప్పు నాదే అన్నయ్యా" అన్నాను.

ఆయన నోరు అలాగే ఉండిపోయింది. ఒకసారి తన కాలు చూసుకున్నారు, ఒకసారి నన్ను చూశారు. ముందు వరసలో తన కుర్చీలో ఎవరో వచ్చి కూర్చుంటే మనిషి చూసే చూపు అది. నాకు బాగా తెలిసిన చూపు. ఆరేళ్ళు నేను ఆయన్ని చూసింది అలాగే.