కళ్ళు మూసుకుని పడిన పేచీ

టోంగా దేశపు హాపాయి దీవుల్లో లాతాయి కన్నా బాగా చాపలు అల్లేవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉన్నారు. ఆ సంగతి ఆమె ఎదుట ఎవరూ అనరు. బడికి మూడేళ్ళు వెళ్ళింది, మొగుణ్ణి ముప్ఫయ్యేళ్ళు భరించింది, పళ్ళు పోయినా నోరు పోలేదు. ఆమెకున్న ఆస్తి ఒక్కటే: ముత్తాత తండ్రి పడవెక్కి ఫిజీ వెళ్ళి, అక్కడివాళ్ళకి 'లోతు' అనే మాట ఇచ్చి వచ్చాడు. ప్రార్థన, గుడి, క్రైస్తవం, అన్నీ ఆ ఒక్క మాటలోనే. ఇప్పుడు న్యూగినీ దాకా అదే మాట. "మా ఇంటిది" అంటుంది లాతాయి, అరువిచ్చిన తట్ట తిరిగి రానట్టు.

గుడి వార్షికోత్సవానికి ఫిజీ నుంచి వాసెమద వచ్చింది. టోంగా భాష బాగా నేర్చిన మనిషి. విందు దగ్గర కూచుంటూ, "లోతు మా ఫిజీ మాట కదక్కా, మీరూ వాడతారే!" అంది.

గుడికి వచ్చేటప్పుడు అక్కడివాళ్ళు మర్యాదకి నడుముకి చుట్టుకునే చాపని లాతాయి బిగించింది.

పాస్టరు ఫెలేతి ఆమె అన్న కొడుకు. "అత్తా, ఆవిడ మన అతిథి. నీకు దణ్ణం పెడతా," అని గొణిగాడు.

"నేనేమన్నానురా? భోజనం ముందు ప్రార్థన నేను చేస్తాను, అంతే."

మేనత్త మాట కాదనే మగాడు టోంగాలో ఇంకా పుట్టలేదు. ప్రార్థనకి అడ్డు తగిలేవాడూ పుట్టలేదు. అందరూ కళ్ళు మూసుకున్నారు.

"ప్రభువా, మా ముత్తాత తండ్రి పడవకి ఏ గాలి తోలావో నీకు తెలుసు. అందులో ఎన్ని పెండలం దుంపలున్నాయో తెలుసు. ఆ మాట ఎవరు ఎవరికిచ్చారో కూడా తెలుసు. తెలియనివాళ్ళకి నువ్వే తెలియజెప్పాలి..."

ప్రార్థనలో పడవ ఫిజీ చేరేసరికి మట్టి పొయ్యిలోంచి తీసిన పంది చల్లారిపోయింది. పిల్లలు కూచున్నచోటే తూగుతున్నారు.

ఆమెన్ అనగానే చేతులన్నీ ఆకుల మీదికి సాగాయి. "నేనూ ఒక్క ముక్క ప్రార్థిస్తా," అంది వాసెమద. అతిథిని కాదనకూడదు. చేతులు వెనక్కి, కళ్ళు మళ్ళీ మూత. దేవుడి ఎదుట ఆవిడ ఆ మాట మాదేనని అనేస్తే, లాతాయి నోరు కట్టేసుకుని వినాల్సిందే.

"ప్రభువా, ఆ మాట టోంగావాళ్ళే తెచ్చారని మా అమ్మమ్మ కూడా చెప్పేది. మర్చిపోయి నోరు జారాను, క్షమించు. తెచ్చినవాళ్ళని దీవించు. ప్రార్థన మొదలుపెట్టడం వాళ్ళు నేర్పారు. ఆపడం మాత్రం మేమే నేర్చుకున్నాం. ఆమెన్."

జనం పడీపడీ నవ్వారు. పాస్టరు దగ్గు నటించాడు. లాతాయి మాత్రం అందరికన్నా గట్టిగా ఆమెన్ అని, చల్లారి బిగుసుకుపోయిన పంది తోలు పెద్ద ముక్క విరిచి వాసెమద ఆకులో వేసింది.

"తిను చెల్లీ. నీ నోటికి ఏదో ఒక పని ఉండాలి."