బలపం పొడి, బండి టైరు

మా మనవడి మోటారు సైకిలు నాలుగు రోజులుగా మెట్ల కింద గాలిపోయి పడి ఉంది. వాడు ఎలక్ట్రానిక్ సిటీలో ఇంజనీరు. టైరు మార్చేవాడు ఆదివారం దాకా రాడట, అంతవరకు వీడు అద్దె కార్లలో పోయి వస్తున్నాడు. నిన్న ఉండబట్టలేక, రెండు ఇనపకడ్డీలూ ఒక పంపూ ఉంటే నువ్వే మార్చుకోవచ్చు కదరా అన్నాను. వాడు నన్ను జాలిగా చూసి, "అవ్వా, అది నీకు తెలీని పనిలే, కూర్చో" అన్నాడు. తొంభై దాటినదాన్ని, కూర్చోక ఏం చేస్తాను, కూర్చున్నాను. కడుపులో మంట మాత్రం కూర్చోలేదు. నాకు తెలీని పనా? వీడి నాయన పుట్టకముందే, బళేపేటలో వీధి వీధంతా గోడలెక్కి చూస్తుండగా, నడిముంగిట్లో కూర్చుని మోటారు సైకిలు టైరు విప్పి బిగించినదాన్ని నేను. నా ఈడువాళ్ళు ఎవరైనా మిగిలి ఉంటే నిజమేనని తలూపుతారని రాస్తున్నాను. చిన్నవాళ్ళు నమ్మకపోతే నాకు పోయేదేమీ లేదు.

పెద్ద యుద్ధం ముగిసిన కొత్తలో మాట. మా అత్తవారిది పట్టునూలు అంగడి. మామగారు పోయాక గద్దె మీద పెద్దకొడుకు, అంటే మా బావగారు, కూర్చుంటే, మా ఆయనది అన్నగారు చెప్పిన మూటలు ఎత్తడం, దించడం, అన్నగారు దగ్గితే మంచినీళ్ళు అందించడం, ఇదీ పని. పెళ్లయిన ఏడాదికే నాకు తెలిసిపోయింది, ఈ మనిషి అంగట్లో ఉన్నంతకాలం పైకి చూసి నవ్వడని. అప్పుడు దండు వైపు, అంటే కంటోన్మెంటులో, సైన్యంవాళ్ళు యుద్ధంలో వాడి వదిలేసిన మోటారు సైకిళ్ళను అమ్ముతున్నారని తెలిసి, నా గొలుసు నేనే తీసి ఆయన చేతిలో పెట్టాను. పచ్చరంగు పెచ్చులూడిన పాత బండి ఒకటి, దానితోపాటు ఒక కొత్త టైరూ, ట్యూబూ వచ్చాయి. ఆ బండి మీద ఆయన ఆనేకల్లు, అత్తిబెలె చుట్టుపక్కల నేతగాళ్ళ ఇళ్ళకు నూలు చేర్చి, చీరలు తెచ్చి, తన వ్యాపారం తాను మొదలుపెట్టారు. సాయంత్రం దుమ్ముకొట్టుకుని ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుంటూ ఈలవేసే మొగుణ్ణి చూడడం నాకు అప్పుడే మొదలు.

ఏడాది తిరగకుండానే అత్తిబెలె నుంచి వస్తూంటే వెనక టైరు ఢామ్మని పగిలి, ఆయన కిందపడి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకున్నారు. మనిషినీ బండినీ ఒకే ఎడ్లబండిలో వేసి తెచ్చారు. కట్టు కట్టినాయన వెదురుబద్దలు పెట్టి ఆరు వారాలు కదపవద్దన్నాడు. బండి పెరట్లో గోడకు ఆనించి పడింది. దండులో టైర్లు బిగించే షాపులో కనుక్కుంటే ముందు మిలిటరీ బండ్లు, తర్వాత మీవి, ఎప్పుడని అడగవద్దు అన్నారట. మా వీధి చివర సైకిలు షాపు ముసలాయన అంత లావు టైరు తన వల్ల కాదని చేతులెత్తేశాడు.

ఇక్కడ ఒక ఆచారం చెప్పాలి. ఆ రోజుల్లో మరదలు బావగారికి ఎదురుపడకూడదు, ఆయనతో నేరుగా మాట్లాడకూడదు. ఆయన హాల్లోకి వస్తే నేను తలుపు చాటుకు పోవాలి. నాతో ఏమైనా చెప్పాలంటే ఆయన అత్తగారితో చెప్పేవారు, నేను జవాబు కూడా అత్తగారికే చెప్పేదాన్ని. మూడడుగుల దూరంలో ఉన్న ఇద్దరి మధ్య ఆవిడ తిరగలి దగ్గర కూర్చుని, రెండువైపులా వినిపించిన మాటనే మళ్ళీ అటూ ఇటూ అందించేది.

ఐదు వారాలయ్యాక ఒక బుధవారం బావగారు భోంచేస్తూ, "అమ్మా, సోమవారం కె.ఆర్.పురం నుంచి ఒకాయప్ప వస్తాడు, బండి ఎత్తుకోని పోతాడు. తమ్ముడు ఎప్పటి మాదిరి అంగట్లో కూర్చోనీ. ఆ తిరుగుడు ఇంక సాకు, చాలు" అన్నారు. మా ఆయన ముద్ద కలుపుతున్నవారు కలుపుతూనే ఉన్నారు, తల ఎత్తలేదు. అన్నకు ఎదురు చెప్పడం ఆయన పుట్టాక నేర్వని విద్య. తలుపు వెనక నాకు ఒళ్ళు మండిపోయింది. అంత గట్టిగా నేను ఆ ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదు: "అత్తా, సోమవారం లోపల ఆ బండి తన చక్రాల మీద తాను నడిస్తే అమ్మేది లేదని చెప్పు."

"ఎవురంట నడిపించేది?" అని బావగారు నవ్వారు. నేనే టైరు మారుస్తానని అన్నాను. ఆయన విస్తట్లో నీళ్ళు పోసుకుని లేచిపోయారు. అత్తగారు మాత్రం తిరగలి ఆపి, "సరేప్పా, సోమవారం దాకా చూస్తాం. నడిస్తే ఇంట్లో ఉంటాది, లేదంటే పోతాది" అని తీర్పు చెప్పింది. ఆ ఇంట్లో ఆవిడ మాటే చివరి మాట.

మా ఆయన కంగారుపడిపోయారు. ఇది ఆడవాళ్ళ పని కాదు, చెయ్యి నలుగుతుంది, నలుగురూ నవ్వుతారు అని మొదలుపెట్టారు. కట్టు కట్టినాయన మీ చేతికి కట్టాడు కానీ నోటికి కట్టలేదు కదా, మీరు చెప్పండి నేను చేస్తాను అన్నాను. గురువారం పొద్దున్నే ఆయన పెరటి మెట్టు మీద కూర్చుని చెబుతూంటే, పానాతో బోల్టులు వదులుచేసి, చైను తప్పించి, నల్లటి గ్రీజు మోచేతులదాకా పూసుకుని వెనక చక్రం ఊడదీశాను. పెరట్లో చోటు చాలక దాన్ని ముంగిట్లోకి దొర్లించుకుని వెళ్ళేసరికి వీధిలో జనం చేరారు. ఇనపకడ్డీలు లేవు కాబట్టి వంటింట్లోంచి రెండు అట్లకాడలు తెచ్చాను. పాత టైరు ఊడింది. కొత్తదానిలో ట్యూబు పెట్టేముందు తెల్లపొడి చల్లాలి, మిలిటరీవాళ్ళు అలాగే చేసేవారు అని ఆయన అన్నారు. తెల్లపొడి అంటే మా ఇంట్లో ఏముంటుంది? శుక్రవారం ముగ్గుకని పెట్టుకున్న బియ్యప్పిండి డబ్బా తెచ్చి ధారాళంగా చల్లాను. టైరు సులువుగా ఎక్కాలని కుంకుడుకాయ నురుగు అంచులకు రాశాను. ఇక చూడండి నా భాగ్యం! పిండీ నురుగూ కలిసి అంబలి అయింది. ట్యూబు ఆ అంబలికి అతుక్కుని ముడుచుకుపోయింది. అట్లకాడ పదును దాన్ని కొరికింది. పంపు కొడుతూంటే గాలి బుస్సుమని నా మొహం మీదికే వచ్చింది, పిండితో సహా.

వీధి విరగబడి నవ్వింది. ఎదురింటి ఆవిడ చేతకానమ్మకు చేష్టలెక్కువ అని నాకు వినపడేటట్లే అన్నది. సాయంత్రానికి టైరు చుట్టూ చీమలు బారులు కట్టాయి. ఆ రోజు స్నానాలగదిలో తలుపేసుకుని ఏడ్చాను, అబద్ధమెందుకు. ఏడ్చింది నవ్వినందుకు కాదు. సోమవారం తర్వాత ఈయన మళ్ళీ ఆ గద్దె కింద కూర్చుని, దగ్గుకు మంచినీళ్ళు అందిస్తారే అని.

శుక్రవారం టైరు కడిగి ఆరబెట్టాను. ట్యూబు చిల్లికి సైకిలు షాపు ముసలాయన అతుకు వేసి ఇచ్చాడు, జాలిపడి. కమ్మరి దగ్గరకు పోయి అట్లకాడల అంచులు గుండ్రంగా చేయించి తెచ్చుకున్నాను. చక్రం లోపల పుల్లల మొనలు ట్యూబుకు గుచ్చుకోకుండా నా పాత చీర అంచు చించి చుట్టూ పట్టీలాగా కట్టాను. ఇక ఆ తెల్లపొడి సంగతే తేలలేదు. శనివారం మధ్యాహ్నం వంటింట్లో ఏదో దంచుతున్న చప్పుడైతే వెళ్ళి చూశాను. అత్తగారు రోట్లో బలపాలు, పిల్లలు పలకల మీద రాసుకునే బలపాలే, వేసి మెత్తగా దంచుతోంది. వానాకాలం తలుపు గడియ బిగుసుకుంటే ఆవిడ రాసేది ఈ పొడేనట, నీళ్ళు తగిలినా జిగురెత్తదట. వస్త్రగాలితం పట్టి, డబ్బా నా వైపు తోసి, "నేనేమీ చూడలేదమ్మా, నువ్వేమీ అడగొద్దు" అన్నది. ఇద్దరూ ఆవిడ కొడుకులే మరి.

ఆదివారం పొద్దున ఆయన కట్టు విప్పారు. టైరును మిద్దె మీద ఎండలో పెట్టి, చెయ్యి చురుక్కుమనేదాకా కాగనిచ్చాను. ఎండ తగిలిన రబ్బరు మాట వింటుంది. అప్పుడు మళ్ళీ ముంగిట్లోనే, కావాలనే అక్కడే, వీధి తలుపు బార్లా తీసిపెట్టి కూర్చున్నాను. బలపం పొడి చల్లి, ట్యూబులో కొంచెం గాలి పట్టి, వాల్వుకు ఎదురుగా మొదలుపెట్టి, ఎక్కిన అంచును మోకాళ్ళతో లోపలికి నొక్కిపట్టి, వాల్వు దగ్గరికి వచ్చేసరికి ఒళ్ళంతా చెమటే. ఆఖరి జానెడు అంచు మొరాయించింది. నేను అంతకన్నా మొండిదాన్ని. టప్పుమని కూర్చుంది. పంపు నూటయాభైసార్లు కొట్టానో రెండువందలో, ఈసారి బుస్సుమనలేదు. ఎదురింటావిడ తలుపు మెల్లగా మూసుకుంది. నవ్విన నాపచేనే పండుతుందని ఊరికే అన్నారా?

సోమవారం కె.ఆర్.పురం ఆయన వచ్చాడు. బండి నిటారుగా నిలబడి ఉంది. బావగారు టైరును వేలితో నొక్కి చూసి, "అమ్మా, నిలబడేది సరే. నడిదారిలో ఊడితే? ఈసారి చెయ్యి కాదు, మెడ విరుగుతాది" అన్నారు. అది వెటకారం కాదని నాకూ తెలుసు, తమ్ముడి మీద ప్రేమ లేక కాదు. కానీ ఆ ప్రేమ మా ఆయన్ను మళ్ళీ గద్దె కిందికే ఈడ్చుకుపోతుంది. మా ఆయన నా వైపు చూశారు. నేను తలుపు చాటు నుంచి బయటికి వచ్చి, ఆ ఇంట్లో అడుగుపెట్టాక మొదటిసారి బావగారి మొహంలోకి చూస్తూ, "ఊడదు బావా. అత్తిబెలె దాకా పోయి వస్తాం. వెనక నేను కూర్చుంటాను" అన్నాను.

చీర కొంగు నడుముకు బిగించి వెనక ఎక్కాను. పోనూ రానూ దారంతా కింద టైరు చప్పుడే వింటూ, గతుకు గతుకుకూ దేవుణ్ణి తలచుకుంటూ పోయి వచ్చాను, అది కూడా ఒప్పుకుంటాను. తిరిగి వచ్చేసరికి కొనేవాడు లేడు, మజ్జిగ తాగి వెళ్ళిపోయాడట. బావగారు ఆ తర్వాత నాతో నేరుగానే మాట్లాడడం మొదలుపెట్టారు. మా ఆయన మళ్ళీ గద్దె కింద కూర్చోలేదు, చివరిదాకా.

ఆ బండి పదకొండేళ్ళు మా ఇంట్లో ఉంది. ముందుదీ వెనకదీ, టైరు ఎప్పుడు అరిగినా నేనే మార్చాను. ఇప్పుడు కిటికీ దగ్గర కూర్చుంటే వీధిలో ఆడపిల్లలు బండ్ల మీద ముందు కూర్చుని, చున్నీ మెడకు చుట్టుకుని, గాలిలా పోతుంటారు. గోడలెక్కి చూసేవాళ్ళు ఎవరూ లేరు. వాళ్ళకు టైరు విప్పడం రాదని నేను ఎంత గొణిగినా, చూస్తూనే ఉంటాను. ఎందుకంటే ఆ పదకొండేళ్ళలో నేను ఆ బండిని ఒక్క గజం కూడా నడపలేదు. బావగారు అడ్డుపడితే పోట్లాడేదాన్ని, అత్తగారు కాదంటే అలిగేదాన్ని, మా ఆయన నవ్వితే ఆయన్నూ దులిపేసేదాన్ని. ఎవరూ వద్దనలేదు. నాకే అడగాలని తోచలేదు. వెనక కూర్చుంటాననడమే ఆ రోజు నాకు కొండంత ధైర్యం.