నాయనమ్మ సున్నం వేసిన సమాధి

మా చిన్నప్పుడు... తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులు. బళ్లు మూతపడ్డాయి, బస్సులు లేవు. ఎల్‌బీ నగర్‌లో మా కిరాయి ఇంట్లో నేను ఇల్లు పీకి పందిరి వేస్తున్నానని, నాయనమ్మ ఒకరోజు నన్ను నాన్న ఆటోలో వేసుకుని బడంగ్‌పేట్ అవతల మా ఊరి సమాధుల తోటకు తీసుకెళ్లింది.

అక్కడ చర్చి వాళ్లు సమాధుల లెక్క రాస్తున్నారు. చుట్టూ ప్లాట్లు పడుతున్నాయి మరి... పేరున్న ప్రతి సమాధినీ పుస్తకంలోకీ పటంలోకీ ఎక్కిస్తే ఆ జాగా జోలికి ఎవరూ రారని సారు చెప్పాడు. ఆయన సమ్మెలో ఉన్న బడిపంతులు. టేపు పట్టుకుని వెంట తిరిగేది గుంటూరు అక్క. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి చదువుకునేది. కోచింగ్ బంద్ అయ్యి, ఊరికి పోయే బస్సూ లేక ఇక్కడ తేలింది.

నాయనమ్మకు ఒకటే పట్టుదల... తాత పేరు పుస్తకంలో ఎక్కాలి, ఆ పక్క జాగా తనకు ఉంచాలి. చదువు రాదు ఆమెకు. గేటు నుంచి నాలుగో వరస, మూడోది... అదే గుర్తు. ఏటా సమాధుల పండక్కి ముందు తానే సున్నం తడిపి, కుంచెతో రెండు పూతలు వేసేది. అసలు చిక్కంతా ఆ సున్నంతోనే వచ్చింది. మా వాళ్లంతా ప్రేమకొద్దీ వేసీ వేసీ రాళ్ల మీది అక్షరాలన్నీ పూడ్చేశారు.

అక్క నీళ్లు చల్లి కొబ్బరి పీచుతో మెల్లగా రుద్దింది. నేను పుల్లతో సందుల్లో గీకాను. సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడి, చివరికి పేరు బయటపడింది... సంతోషమ్మ.

మా తాత పేరు దేవయ్య.

అక్క రెండుసార్లు చదువుకుని, వెళ్లి నాయనమ్మ పక్కన కూర్చుంది.

"మామ్మగారూ, ఇది తాతయ్యగారిది కాదండీ. ఎవరో సంతోషమ్మగారిది."

తాత పోయిన ఏడాదే రోడ్డు వేసినప్పుడు గేటు పక్కకు జరిపారని సారుకు అప్పుడు గుర్తొచ్చింది. నాయనమ్మ మాత్రం పాత లెక్కే పట్టుకుంది పాపం...

తాత రెండు సమాధుల అవతల ఉన్నాడు. పిచ్చిమొక్కలు పీకితే చాలు, గీకే పనే లేకుండా పేరు శుభ్రంగా కనబడింది. ఇన్నేళ్లలో ఎవరూ సున్నం వెయ్యలేదు కదా...

నాయనమ్మ ఆ రాయి మీద చెయ్యి పెట్టింది. "జర ఆలస్యమైంది," అని మాత్రం అంది, తాతతో. నాకు ఏడుపు ఆగలేదు.

తర్వాత నాయనమ్మ కళ్లు తుడుచుకుని, ఆ సంతోషమ్మకు ఎవరన్నా ఉన్నరా అని సారును అడిగింది. సారు చర్చి పాత పుస్తకం తిరగేశాడు. దవాఖానలో ఆయాగా పనిచేసేదట, పెళ్లి కాలేదు, నా అన్నవాళ్లు లేరు. సమాధి చూసుకునేవాళ్ల పేరు రాసే గడి ఖాళీగానే వదిలెయ్యబోయాడు.

"గిన్నేండ్ల సంది నేను లేనా ఆమెకు?" అంది నాయనమ్మ. "ఆమె దగ్గర గూడ నా పేరే రాసుకో సారు."

సారు రాశాడు. నాయనమ్మ రెండు గళ్లలోనూ వేలిముద్ర వేసింది.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. కోరుకున్నట్టే తాత పక్కన ఉంది. ఇప్పుడు పండక్కి మూడు సమాధులకు సున్నం నేనే వేస్తాను... అక్షరాలు వదిలేసి. సంతోషమ్మ మనకేమవుతుందని మా పాప అడిగితే, నాయనమ్మ మనిషి అని చెప్తాను.

ఇప్పుడన్నీ నల్ల గ్రానైట్ రాళ్లు, పైన ఫొటోలు. ఎవరి సమాధి ఎవరిదో పొరపాటు పడే వీలే లేదు. పక్క సమాధి మీద చెయ్యి వేసేవాళ్లూ లేరు...

మీ వైపు కూడా ఇట్లా, ఏమీ కాని మనిషిని తన మనిషి అనుకుని చూసుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా... ఉంటే వాళ్ల పేరు కింద రాయండి. పేరు ఒక్కటి రాసినా చాలు.