తాజాగుల్ అపా ఉన్నిలో పరిచిన ఊరు

“అమ్మా, ఈ గాలి పీలిస్తే నేను చచ్చిపోతానా?”

అడిగింది నా కూతురు ఐషోల్పాన్, ఆరేళ్ళది. ఆ రోజు ఉప్పుదుమ్ము లేచి కిటికీ అంచులన్నీ తెల్లబడ్డాయి. నేను నేలనీ నీళ్ళనీ పరీక్షించే ప్రయోగశాలలో పనిచేస్తాను. పిల్లకి అబద్ధం చెప్పకూడదని నా పట్టుదల. దుమ్ములో ఉప్పు ఎంత ఉందో, అది ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో చెప్పాను. అందరికీ ఏమీ కాదని చివర్లో అన్నాను కానీ అది దాని చెవికెక్కలేదు. రెండు రోజులు ముఖానికి తువ్వాలు చుట్టుకుని మంచం దిగలేదు.

మూడో రోజు పొరుగింటి పెద్దావిడ, మేమంతా అపా అని పిలిచే తాజాగుల్ ఇంటి నుంచి పిల్ల నవ్వుతూ వచ్చింది.

“పదేళ్ళకి నేను మన ఇంటి వెనక సక్సావుల్ చెట్ల దగ్గర మేకల్ని కాస్తుంటానట. అపా చెప్పింది.”

సక్సావుల్ అంటే ఇసుకని పట్టి ఉంచే ఎడారి చెట్టు. మా ఇంటి వెనక ఉన్నది ఒట్టి ఇసుక. చెట్టూ లేదు, మేకా లేదు. పిల్లకి అపా అబద్ధం చెప్పిందనుకున్నాను.

తాజాగుల్ అపాకి డెబ్భై ఒకటి. అరాల్ సముద్రం మా ఊరి అంచున ఉన్న రోజుల్లో చేపల కార్ఖానాలో డబ్బాలకి కాగితాలు అంటించేది. నీళ్ళు వెనక్కిపోయాక కార్ఖానా మూతపడింది. ఆమెకి మిగిలిన విద్య ఒకటే, ఉన్ని తివాచీ. నేత ఉండదు దానికి. రెల్లు చాప మీద ఉన్ని పరిచి, వేణ్ణీళ్ళు చల్లి, చాపతో సహా చుట్టి, ఆడవాళ్ళంతా వరసగా కూర్చుని మోచేతులతో నొక్కుతూ దొర్లించాలి.

ఏటా శరదృతువులో గొర్రెల బొచ్చు కత్తిరించగానే ఆమె ఇల్లిల్లూ తిరిగేది. “పదేళ్ళకి నీ గుమ్మంలో ఏం చేస్తుంటావు?” అని అడిగి, ఆ ఇంటి ఉన్ని గుప్పెడు తీసుకునేది. ఆ ఉన్నితోనే వాళ్ళని పదేళ్ళ తర్వాతి ఊరి బొమ్మలో పెట్టేది. తప్పు పట్టుకుందామని నేను పాత తివాచీలన్నీ వెతికాను. ఒక్కదాంట్లోనూ సముద్రం తిరిగి వచ్చినట్టు ఆమె పరచలేదు. ఊరు వదిలిపోయినవాళ్ళ బొమ్మల్ని మాత్రం ఆమె పీకెయ్యలేదు. ఒక ఏడు బొమ్మలో బడికి పడమట సక్సావుల్ వరస పరిచింది. మరుసటి వసంతంలో జనం నిజంగానే వంద మొక్కలు నాటారు. ముప్పై ఎనిమిది బతికాయి, నేనే లెక్కపెట్టాను. ఆ మొక్కలు నాటాలని అంతకుముందు నేను మూడేళ్ళు నివేదికలు రాశాను. ఒక్కరూ పార పట్టలేదు.

ఈ ఏడు దొర్లించే రోజున నేనూ వెళ్ళాను. అపా ఒడికి ఆనుకుని ఐషోల్పాన్ తన బొమ్మ పక్కన మేకకి కొమ్ములు పరుస్తోంది.

“అపా, దీని గడ్డం నల్లగా ఉండాలి.”

“నల్లగానే పెట్టవే. మేక నీది, గడ్డం నీ ఇష్టం.”

నా కూతురు నా వైపు తల తిప్పలేదు. చాప చుట్టాక పిల్లా మేకా ఉన్న కొస నా వంతుకి వచ్చింది. పక్కన కూర్చున్న పెరీజాత్ మోచేత్తో పొడిచింది. “ఏమ్మా సైన్సు పిల్లా, నొక్కడానికి కూడా కొలతలు తీస్తున్నావా?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చేతులు చాప మీద ఆనించి అందరితో పాటు ముందుకీ వెనక్కీ ఊగాను. బలం మాత్రం వెయ్యలేదు.

చాప విప్పారు. ఊరంతా గట్టిగా అతుక్కుంది. నా కొసన ఉన్న పిల్లా మేకా మాత్రం ఏకిన దూదిలా పైకి లేచి వచ్చాయి.

ఐషోల్పాన్ ఆ ఉన్ని ముద్దని చేతిలోకి తీసుకుంది. “అంటే పదేళ్ళకి నేను ఉండనా?”

నేను చేతులు ఒళ్ళోకి లాక్కున్నాను.

“నీళ్ళు చల్లారిపోయాయే, అంతే,” అంది అపా. “వెళ్ళి పెరీజాత్ పిన్నిని ఇంకో కెటిల్ నీళ్ళు కాయమను.”

పిల్ల వెళ్ళాక మేమిద్దరం మోకాళ్ళ మీద కూర్చుని ఆ కొసన మళ్ళీ ఉన్ని పరిచాం.

“నేనే నొక్కలేదు, అపా.”

“తెలుసు. అందరి చేతులూ కందిపోయాయి, నీవి తెల్లగానే ఉన్నాయిగా.”

“అది నీ దగ్గరే నవ్వుతుంది.”

“నవ్వుతుంది. చచ్చిపోతానా అని మాత్రం నన్నెప్పుడూ అడగలేదు. ఆ మాట నీకోసమే దాచుకుంది. నాకు కుళ్ళుండదా మరి?”

వేణ్ణీళ్ళు వచ్చాయి. ఈసారి నేను మోచేతులు మండేదాకా నొక్కాను. పిల్లా మేకా కదలకుండా అతుక్కున్నాక అపా నడుం నిలబెట్టుకుంటూ ఒక మాట చెప్పింది. పిల్ల ఏ భయంతో నా దగ్గరికి వచ్చినా ఇప్పుడు నేను అదే చేస్తున్నాను.

“లెక్క చెప్పు, దాచకు. కానీ లెక్క చెప్పి లేచిపోకు. రేపు మీరిద్దరూ కలిసి చేసే పని ఒకటి చెప్పి, అప్పుడు లే.”