మోనిష దోమ

ఆ ఉదయం పెద్ద ఇంజనీరు బాలచంద్రన్ సారు తన చెంప తానే కొట్టుకున్నారు. కాసేపటికి రెండో చెంప కూడా. దోమ దొరకలేదు. ఆఫీసు చూసుకునే కాంచన దోమల బ్యాటు తెచ్చి బల్లకింద, కుర్చీల సందుల్లో, చివరికి సారు తల చుట్టూ తిప్పింది. గుయ్యిమనే మోత మాత్రం ఆగలేదు. బల్ల మీది తన సర్క్యూట్ బోర్డును పక్కకు జరుపుదామని మోనిష దాని స్విచ్చు ఆపింది. దోమ ఆగింది. స్విచ్చు వేసింది. దోమ వచ్చింది. అందరూ బ్యాటును వదిలి మోనిష వైపు చూశారు.

మోనిషది గుడియాత్తం. వేలూరులో చిప్పులు డిజైన్ చేసే చిన్న కంపెనీలో ఉద్యోగం. బ్యాటరీ ఇచ్చే వోల్టేజీ చిప్పుకు ఎక్కువ. దాన్ని చిప్పులోనే తగ్గించడానికి ఒక స్విచ్చు సెకనుకు లక్షలసార్లు తెరుచుకుని మూసుకుంటుంది. ఎప్పుడు తెరుచుకోవాలో దానికి చెప్పే సర్క్యూట్ మోనిషది. చిప్పు కునుకు తీసేటప్పుడు అన్నిసార్లు తెరవడం దండగ కదా అని, ఎప్పుడో ఒకసారి పెద్ద గుక్కగా కరెంటు పోసేలా చేసింది. కరెంటు బాగానే మిగిలింది. కానీ గుక్కలు మరీ ఎడమై, మనిషి చెవికి అందే లయలో పడ్డాయి. బోర్డు మీది కెపాసిటర్లు ఆ లయకు వణికి పాట ఎత్తుకున్నాయి.

ముందే ఎందుకు వినపడలేదంటే, పరీక్షలన్నీ ఆమె ఇంట్లో, అమ్మ చౌడేశ్వరి మగ్గం పక్కన కూర్చుని చేసింది. ఆ టకటకలో ఏనుగు ఘీంకరించినా ఎవరో దగ్గారనుకుంటారు.

శుక్రవారానికి పాట ఆగాలి, మిగిలిన కరెంటు మిగిలినట్టే ఉండాలి. అలా అయితేనే తయారీకి వెళ్ళే చిప్పులో ఆమె సర్క్యూట్‌కు చోటు. లేదంటే ఇంకో ఏడాది ఆగాలి.

మోనిష కాట్పాడిలో రైలెక్కి ఇంటికొచ్చి, బోర్డును ల్యాప్‌టాప్‌కు తగిలించి, అమ్మను మగ్గం ఆపమంది. పట్టపగలు మగ్గం ఆగితే ఆ వీధిలో అర్థం ఒక్కటే. ఎదురింటి గోవిందన్ తలగుడ్డ తీసి చేతబట్టుకుని వచ్చాడు.

"ఎవురికేమైందమ్మా?"

"ఎవురికీ ఏం కాలేదన్నా. మా పాప దోమ కోసరం వింటా ఉండాది."

ఆయన వెనకే వీధంతా వచ్చింది. విషయం చెప్పి, కాఫీలిచ్చి పంపేసరికి నిశ్శబ్దం కాస్తా ఖర్చైపోయింది. చివరికి మోనిష బోర్డుతో సహా బొంత కప్పుకుని విన్నది. గుక్కను చిన్నది చేసి, ఎక్కువసార్లు పోయించింది. పాట చెవికందనంత పైకి పోయింది. దానివల్ల పెరిగిన కరెంటు ఖర్చును రాబట్టడానికి, గుక్కకూ గుక్కకూ మధ్య ఊరికే కాపలా కాసే భాగాలను నిద్రపుచ్చింది. చెమటలు కక్కుతూ, నవ్వుతూ బొంతలోంచి బయటికొచ్చింది. చౌడేశ్వరి ఆ మొహం చూసి మగ్గంలో కూర్చుంది. టకటక మొదలయ్యాక వీధి ఊపిరి పీల్చుకుంది.

మిగిలిన కరెంటు మిగిలినట్టే ఉందని శుక్రవారం మీటరు చెప్పింది. బాలచంద్రన్ సారు బోర్డుకు చెవి ఆనించి విని, చోటు ఖాయమని, కాంచనను అందరికీ మిఠాయి తెమ్మన్నారు. మోనిష బోర్డు తీగ పీకి చుట్టుకుంటోంది. ఇంతలో సారు చెంప మళ్ళీ చెళ్ళుమంది. ఆయన నాట్రంపల్లి మనిషి. ఆఫీసులో తమిళమైనా, చిరాకు పడితే ఇంటి తెలుగే వస్తుంది.

"మళ్ళా పాడతా ఉండాది గదమ్మా నీ బోర్డు."

మోనిష చేతిలోని తీగ పైకెత్తి చూపించింది.

"ఈ దోమ నాది కాదు సార్, వేలూరుదే."